జడ్ రావలసిన చోట

మొన్న మా కోడలు ల్యాప్‌టాప్‌లో ఏఐని ఏదో అడగగానే తెర మీద కోడ్ గబగబా దిగిపోవడం చూసి, అదేమిటని అడిగాను. పట్టిక ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అంకెల్లో చెబితే ‘B4:Z40’ అని దాని చిరునామా రాసిపెట్టే కోడట. “గిప్పుడు గివన్నీ ఎవరు సొంతంగ రాస్తలేరు అత్తమ్మా” అంది. అలాంటి కోడ్ కోసమే ఒకప్పుడు ఇంట్లోనూ ఆఫీసులోనూ మాటలు పడినదాన్ని నేను.

మాది నేతపని ఊరు. పెళ్లయ్యాక బల్కంపేటలో మావారి టైలరింగ్ దుకాణం పైనున్న ఇంటికి వచ్చాను. పంజాగుట్టలో టైపింగ్ ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు అమీర్‌పేటలో, గదిలో చోటు చాలక మెట్ల మీద కూడా నిలబడి పాఠం వినే ఇన్‌స్టిట్యూట్‌లో కోడింగ్‌కు చేరితే, ఇద్దరు పిల్లల తల్లికి ఇదేం పిచ్చి అని మా బావగారు దుకాణంలో అందరి ముందే అన్నారు. మావారు తలెత్తకుండా కత్తెర ఆడిస్తూనే, “పోనియ్ అన్న, నేర్చుకోనియ్” అన్నారు. నాకు ఆ మాట చాలింది.

ఆఫీసుకు నెలనెలా బ్రాంచీల పట్టికలు ఒక్కోటి ఒక్కో కొలతలో వచ్చేవి. వాటి నిలువు వరసలకు ఏ నుంచి జడ్ దాకా, ఆ తర్వాత ఏఏ, ఏబీ అని పేర్లు. ఆ పట్టికల హద్దులు చేత్తో గుర్తించే చాకిరీ తప్పించాలని నేనే కోడ్ రాశాను. అందరి ముందూ నడిపిన రోజున అది వై దాకా బాగానే వెళ్లి, జడ్ రావలసిన చోట ‘@’ గుర్తు వేసి చతికిలబడింది. కోస్తా నుంచి వచ్చిన మా మేనేజరు మర్యాదగానే, “ఎందుకమ్మా మీకిదంతా, టైపింగ్ చూసుకోండి” అన్నారు. నాకు ఒళ్లు మండింది.

“జర ఆగుండ్రి సార్, ఇది సరయ్యేదాక నేను లేవ” అన్నాను.

పక్క సీటులో ఉండే, మేమంతా ఉర్దూలో ‘ఆపా’, అంటే అక్కా అని పిలిచే పెద్దావిడ తన టిఫిన్ డబ్బా నా ముందుకు జరిపి, “ఫికర్ చెయ్యకు, ముందుగాల తిను” అంది. తింటూ కాగితం మీద లెక్క వేశాను. జడ్ ఇరవై ఆరో అక్షరం. ఇరవై ఆరుతో భాగిస్తే శేషం సున్నా, సున్నాకు అక్షరమే లేదు, అందుకే కంప్యూటర్ తన వరసలో ‘ఏ’కి ముందుండే ‘@’ వేసింది. భాగించే ముందు ఒకటి తగ్గించి చూస్తే జడ్ వచ్చింది, దాని వెనకే ఏఏ కూడా వచ్చింది. ఆ తర్వాత నన్నెవరూ టైపింగ్‌కు పొమ్మనలేదు.

ఇప్పుడు ఆ వీధుల మీదుగా మెట్రో పోతోంది, పాఠాలు ఫోన్లలోకి చేరాయి, ఆపా ఎక్కడుందో తెలియదు. నిన్న మధ్యాహ్నం కూర్చుని ఆ కోడ్ మొత్తం మళ్లీ నా చేత్తోనే రాశాను. అవసరం లేదంటారు. అప్పుడూ అదే అన్నారు, కారణమే వేరు.