గఫూర్ సాబ్ బొట్టు పెట్టిన రాళ్లు

ఆదోనిలో రాయి మంచిదో కాదో తేల్చాలంటే గఫూర్ సాబే రావాలి. నలభై ఏళ్లుగా అదే మాట. సుత్తితో ఒక్క దెబ్బ వేసి, తల వంచి వినేవాడు. ఖంగుమంటే గోడకు పనికొస్తుందని జాజుతో ఎర్రబొట్టు పెట్టేవాడు. డొల్లగా పలికితే లోపల పర్రె, కంటికి కనపడని పగులు, ఉన్నట్టే; పక్కకు తోయించేవాడు.

రెండేళ్లుగా ఆయనకు ఆ మోత వినపడటం లేదు. ఇన్నేళ్లు క్వారీ మిషన్ల పక్కన బతికినవాడి చెవులు మరి, ఎన్నాళ్లు ఆగుతాయి? సంగతి భార్య షరీఫా బీకి ఒక్కదానికే తెలుసు. నలుగురికీ చెప్పెయ్యమని ఆమె పోరుతూనే ఉంది.

"సెప్తే ఇంగెవురు పిలుస్తారు?" అనేవాడు.

పత్తి వ్యాపారి లక్ష్మీనారాయణ శెట్టి కొత్త అంగళ్ల కోసం సెల్లారు తవ్విస్తే గుంత నిండా రాయే పడింది. క్రషర్‌కు తోలేద్దామన్నాడు మేస్త్రీ హరికృష్ణ. గఫూర్ సాబ్ అడ్డం పడ్డాడు.

"కోట కట్టింది ఈ రాయితోనే కదా శెట్టీ! కంకర సేస్తారా దీన్ని? గోడలకు పెట్టండి. నేను ఏరిస్తాను."

శెట్టి సరేనన్నాడు. నెల రోజులు గఫూర్ సాబ్ ఆ రాళ్ల మధ్యే ఉన్నాడు. చెవికి అందనిదాన్ని అరచేత్తో పట్టుకుందామని సుత్తితో కొడుతూ రాయికి చెయ్యి ఆనించేవాడు. అదురు బాగుందనిపిస్తే బొట్టు. మిషన్ దెబ్బ తిన్న రాళ్లలో వెంట్రుకవాసి పర్రెలు ఉంటాయని తెలియక కాదు, ఒప్పుకోవడానికి మనసు రాలేదు. మొండివాడు అందామంటే నాకు నోరు రావడం లేదు.

ద్వారం మీద అడ్డంగా పెట్టే పొడుగు రాయిని గొలుసులతో లేపుతుంటే నడిమికి విరిగి పడింది. ఎవరికీ తగల్లేదు, అదే పదివేలు. హరికృష్ణ సుత్తి తీసుకుని బొట్టున్న ఇంకో రాయిని కొట్టాడు. అది డొల్లగా పలికింది. గఫూర్ సాబ్ రాయిని చూడలేదు, మనుషుల మొహాలు చూశాడు. శెట్టి తల దించుకున్నాడు.

"ఏం సాబూ, మోగిందా?" దగ్గరికొచ్చి గట్టిగా అడిగాడు హరికృష్ణ.

"మోగింది. ఖంగుమనింది."

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాడు క్రషర్ టిప్పరు వచ్చింది. గఫూర్ సాబ్ దానికి అడ్డంగా నిలబడ్డాడు. "అన్నీ పర్రె పోలేదు శెట్టీ! మంచివి సానా ఉండాయి!"

శెట్టి ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "యావో సూపీ సాబూ. అవి ఉంచేస్తాము."

గఫూర్ సాబ్ సుత్తి ఎత్తాడు. రాయి ఎదురుగానే ఉంది. కొట్టకుండానే సుత్తి దించి, టిప్పరుకు దారి ఇచ్చాడు.