అరచేతంత నేల మీద ఒక సిపాయి

మా మావయ్యగారు పోయారన్న కబురు నాకు స్కూల్లో, నాలుగో పీరియడ్ జరుగుతుండగా తెలిసింది. అటెండరు తలుపు దగ్గర నిలబడి "మేడమ్, ఇంటి దగ్గర్నుంచి ఫోనండి" అన్నాడు. చేతిలో సుద్దముక్కతోనే ఆఫీసు గదికి పరిగెత్తాను. ఆటోలో కాలేజీకి వెళ్ళే కూతురున్న తల్లిని, ముందు ఎవరు గుర్తొస్తారో చెప్పక్కర్లేదు. ఫోన్లో అత్తయ్యగారు "మీ మావయ్యగారు వెళ్ళిపోయేరమ్మా" అంటే నా నోటి వెంట వచ్చిన మొదటి మాట "అమ్మయ్య". ఆవిడ విన్నారో లేదో ఇప్పటికీ అడగలేదు. పద్దెనిమిదేళ్ళు నన్ను కూతురిలా చూసుకున్న మనిషికి నేనిచ్చిన వీడ్కోలు అది. నాది పుట్టు పిరికితనం. అయినా మా ఇంట్లో నాకంటే ఎక్కువ భయపడ్డ మనిషి ఆయనే, ఆ భయం ఆయనకి అంటించింది నేనే. ఆ సంగతి ఒప్పుకుందామనే ఇది రాస్తున్నాను.

మావయ్యగారు సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రాజోలు దగ్గర ఆ ఇంటికి నేను కోడలిగా వచ్చేసరికే ఆయనకో పని ఉండేది. పొద్దున్న ప్రార్థన, కాఫీ అయ్యాక వసారాలో బల్ల ముందు కూర్చుని సిపాయి బొమ్మలు చేసేవారు. చిటికెనవేలి కొసంత సిపాయిలు. చిరిగిన వలలకుండే సీసం గుళ్ళు తెచ్చి, ఇనప గరిటెలో కరిగించి అచ్చులో పోసేవారు. అంచులు ఆకురాయితో సాపు చేసి, తెల్లరంగు ఒక పూత పూసి ఆరబెట్టి, మర్నాడు కోట్లకి రంగులు వేసేవారు. ఎర్ర కోట్ల దండొకటి, నీలం కోట్ల దండొకటి. "ముందు ముఖం వెయ్యాలమ్మాయ్. ముఖం లేనివాడికి తుపాకీ ఇస్తే ఎవర్ని కాలుస్తాడో ఏం తెలుస్తుంది?" అనేవారు.

కుంచె మొన సన్నగా రావడానికి దాన్ని పెదాల మధ్య పెట్టి తిప్పేవారు. "అది విషం కదండీ మావయ్యగారూ" అంటే, "ఇన్నేళ్ళు తిన్నానమ్మా, ఈపాటికి అరిగిపోయుంటాది" అని నవ్వేవారు. నాకు నవ్వొచ్చేది కాదు.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక రిటైరైన పోస్టుమాస్టారు వచ్చేవారు. బల్ల మీద ఇసక పోసి, రెండు దండుల్నీ ఎదురెదురుగా నిలబెట్టి, పాచికలు వేస్తూ యుద్ధం చేసేవారు.

"ఆయ్, మీ గుర్రాలు ఈ కాలవ దాటలేవండి" అనేవారు పోస్టుమాస్టారు.

"ఎందుకు దాటలేవండీ? కాలవకి నీళ్ళు కట్టేసేరు కదా నిన్ననే!"

ఆట అయ్యాక మావయ్యగారు అందర్నీ లెక్కపెట్టి పెట్టెలో సర్దేవారు. మొత్తం అరవై మంది.

మా పాపకి ఏడాదిన్నర వచ్చిన వానాకాలం అది. ఒక ఆదివారం సాయంత్రం ప్రార్థన కూడికకి ఆలస్యమవుతోందని ఆయన లెక్కపెట్టకుండానే పెట్టె మూసేశారు. సోమవారం పొద్దున్న తీసి చూస్తే యాభై తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టారు. నీలం కోటువాడొకడు లేడు. ఆయన చూపు మెల్లగా బల్ల కిందికి దిగింది. అక్కడ పాప కూర్చుని దేన్నో నములుతోంది.

నోట్లో వేలు పెట్టి తిప్పితే నాలుగు ఇసక రేణువులు వచ్చాయి, అంతే. "మింగేసిందండీ! బాబోయ్, మింగేసింది!" అని పాపని తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచాను. పిల్ల గుక్కపట్టింది. అత్తయ్యగారు అరటిపండు గుజ్జు పెట్టబోతే ఆవిడ చెయ్యి తోసేశాను. మా ఆయన ఉద్యోగం మీద కాకినాడలో ఉన్నారు. మావయ్యగారి వైపు తిరిగి, "పసిపిల్ల తిరిగే ఇంట్లో ఈ విషం ఎందుకండీ? మీ ఆట కోసం నా బిడ్డని చంపుతారా?" అన్నాను. ఆయన్ని ఆ ఇంట్లో అంత మాట ఎవరూ అనలేదు.

ఎక్స్‌రేకి అమలాపురం వెళ్ళాలి. అప్పటికి మా రేవులో వంతెన లేదు, బల్లకట్టు లాంటి పంటు మీద ఏరు దాటాలి. వరద నీళ్ళు ఎర్రగా సుళ్ళు తిరుగుతున్నాయి. ఇదే ఆఖరి పంటు అని రేవులో ఎవరో అంటున్నారు. సగం దూరం వెళ్ళాక పాప ఏడుపు ఆపేసి నా భుజం మీద వాలిపోయింది. నిద్రో, స్పృహ తప్పిందో తెలియలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను. మావయ్యగారు కమ్మీ పట్టుకుని నీళ్ళలోకి చూస్తున్నారు. నా వైపు తిరక్కుండానే, "పిల్లకేమన్నా అయితే నేను మళ్ళీ ఈ రేవు దాటనమ్మా" అన్నారు. అవతలి ఒడ్డు వచ్చేదాకా ఒక చేత్తో పాపనీ, ఇంకో చేత్తో ఆయన చొక్కానీ పట్టుకునే ఉన్నాను.

డాక్టరుగారు ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసి "ఏం లేదండి, పొట్ట శుభ్రంగా ఉంది" అన్నారు. నేను నమ్మక ఇంకోసారి చూడమన్నాను. మావయ్యగారు అక్కడే కూలబడి తువ్వాలులో ముఖం దాచుకున్నారు.

వరద తీసి మేం ఇల్లు చేరిన మర్నాడు పోస్టుమాస్టారు నీలం కోటువాణ్ణి పట్టుకుని వచ్చారు. "ఖైదీగా పట్టేను కదండీ, జేబులో వేసుకుని మర్చిపోయేనండి. చాకలికి చొక్కా వేస్తుంటే దొరికేడు" అని నవ్వబోయి, మా ముఖాలు చూసి ఆగిపోయారు.

నేనన్న మాటకి క్షమాపణ అడగలేదు. రేపడుగుదాం, ఎల్లుండడుగుదాం అనుకున్నాను. రెండు వారాలు వసారాలో బల్ల ఖాళీగా ఉంది. ఆయన కాలవగట్టు వైపు నడిస్తే చాలు, ఏదో పనున్నట్టు నేనూ వెనకాలే వెళ్ళేదాన్ని. ఒకరోజు పొద్దున్న మళ్ళీ ఆకురాయి చప్పుడు వినిపించింది. పాత కిటికీ తలుపు కోసి అరచేతంత చెక్కలు చేస్తున్నారు. ఒక్కో చెక్క మీద ఒక్కో సిపాయిని బంకతో అతికించి, కింద నుంచి మేకు కొట్టారు. వాడి కాళ్ళ చుట్టూ ఏటి లంక ఇసక జల్లెడ పట్టి చల్లారు. రంపప్పొట్టుకి ఆకుపచ్చ రంగు కలిపి గడ్డి చేశారు. కొబ్బరి పీచు కత్తిరించి వరి దుబ్బులు నాటారు. కుంచెని నోట్లో పెట్టడం మానేసి అరిటాకు మీద తిప్పడం మొదలుపెట్టారు.

ఆదివారం పోస్టుమాస్టారు లబోదిబోమన్నారు. "ఒక్కొక్కడికీ ఇంతేసి చెక్కేంటండీ మాస్టారూ? బల్ల మీద పదిమంది పట్టరు. యుద్ధం ఎలా చేస్తామండీ?"

"యుద్ధం సంగతి వదిలేయండి. పిల్ల నోట్లో పట్టకూడదండి" అన్నారు మావయ్యగారు.

తర్వాత ఆ సిపాయిలు యుద్ధానికి పోలేదు. కొన్నాళ్ళకి ఒకడి చెక్క మీద చిన్న కాలవ వచ్చింది, ఇంకొకడి పక్కన గడ్డివామి లేచింది. ఊళ్ళోవాళ్ళు చూసి ఎంత బాగున్నాయండీ అని మెచ్చుకునేవారు. ఆయన మాత్రం రోజూ సాయంత్రం ఒక్కొక్కణ్ణీ గట్టిగా గుంజి చూసేవారు. పాప హైస్కూలుకి వచ్చినా ఆ గుంజడం మానలేదు.

చివరి ఏడాది ఆయనకి మతి తప్పింది. పోస్టుమాస్టారి పేరు పోయింది, నా పేరు పోయింది, ఆ సోమవారం మాత్రం పోలేదు. పొద్దున్న లేవగానే "ఒకడు తగ్గేడమ్మా" అని వణికిపోయేవారు. ఇంటరు చదివే పిల్ల ఆయన మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని నోరు తెరిచేది. ఆయన తొంగి చూసి "లేదు, లేదు" అనుకుని అప్పుడు కాఫీ తాగేవారు. ఒకరోజు నేను ఏడుస్తూ "ఆ రోజు అంత మాట అన్నందుకు క్షమించండి మావయ్యగారూ" అన్నాను. "ఏ మాటమ్మా?" అన్నారు. మాట మర్చిపోయారు, భయం ఉండిపోయింది.

ఆయన పోయిన రోజు పాప ట్యూషనుకి పెందలాడే వెళ్ళిపోయింది. "పిల్లేదీ, పిల్లేదీ అని రెండుసార్లడిగేరమ్మా. సాయంత్రం వస్తాదని చెప్పేను" అన్నారు అత్తయ్యగారు. అది పాప కూడా వింది. పాస్టరుగారి ప్రార్థన అయ్యి శవపెట్టె మూత వేయబోతుంటే పాప "ఒక్క నిమిషం అండి" అంది. మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన ముఖం మీదికి వంగి, నోరు పెద్దగా తెరిచి చూపించింది.