అందరికీ సరిపోయిన జలపతి

ముప్పై ఏళ్లు సిరిసిల్ల సాంచెల మీద బట్ట నేసిన జలపతికి, ఊళ్లో పేరు తెచ్చింది మాత్రం బట్ట కాదు, ఓ పాజిటివ్ రక్తం. ఇరవై రెండుసార్లు ఇచ్చాడు. ఇచ్చిన ప్రతిసారీ రోగి బంధువులను నిలబెట్టి, రక్తమిచ్చే గుండె ఎందరికుంటుందో వివరించేవాడు. లోపల మనిషికి ప్రాణం వచ్చేలోగా బయటవాళ్ల ప్రాణాలు విసిగేవి.

జలపతి తుంటి కీలు అరిగింది. మార్చకపోతే నడక లేదన్నారు జగిత్యాల ఆసుపత్రిలో. రెండు సంచుల రక్తం సిద్ధంగా ఉంటేనే ఆపరేషన్. జలపతి నవ్వి ఒక్క ఫోను చేశాడు. పదకొండుమంది సాంచెల కార్మికులు దిగారు. అందరిదీ ఓ పాజిటివే, ఒక్కరిదీ కలవలేదు. కల్లు తాగి రక్తం ఖరాబు చేసుకున్నారని జలపతి వాళ్లను తిట్టాడు.

"తప్పు గాళ్లది కాదు కాకా, మీ రక్తంలనే ఉన్నది" అంది బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్ శారద.

దాదాపు అందరి ఎర్రకణాల మీదా ఉండే హెచ్ అనే పదార్థం ఆయనకు లేదట. అందుకే దాన్ని కొట్టే యాంటీబాడీలు ఆయన రక్తంలో తిరుగుతున్నాయి. ఆయన కణాలు ఇతరులకు పడతాయి. ఇతరులవి ఆయనకెక్కిస్తే లోపలే పగిలి కిడ్నీలు పోతాయి, ప్రాణమూ పోవచ్చు. శిబిరాల్లో పైపైన చూస్తే ఓ లాగే కనిపిస్తుంది. దాని పేరు బాంబే గ్రూపు.

"బొంబాయి పక్కన భివండిల నాలుగేండ్లు సాంచెలు నడిపిన బిడ్డా. గక్కడ అంటుకున్నదా?"

అంటుకునేది కాదు, అమ్మానాన్నల నుంచి వచ్చిందేనని, తోబుట్టువులకు ఉండొచ్చని శారద చెప్పింది. తంగళ్ళపల్లి తమ్ముడిని పిలిపిస్తే, వాడిది మామూలు ఓ. ఒక్క కడుపున పుట్టి ఆ మాత్రం కలవనందుకు వాడికీ తిట్లే. ఆ గ్రూపు దాతలు ఇద్దరు దొరికారు: ఒకరు దుబాయిలో, ఒకరు కామెర్లతో మంచంలో.

"గిన్నేండ్లు అందరికిస్తివి. ఇగ నీకెవలిస్తరు?" అంది భార్య వెంకటవ్వ.

చివరికి డాక్టరే దారి చెప్పాడు. వారానికొకటి చొప్పున జలపతి రక్తమే రెండు సంచులు తీసి దాచారు. మూడోది లేదు, రాదు.

ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెడుతూ జలపతి డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు. "జర చూసి కోయండ్రి సారు" అన్నాడు. రక్తం పొదుపు గురించి ఆయన మాట్లాడటం ఎవరూ వినలేదు అప్పటిదాకా.