ఎలుగుబంటి జాకెట్

మొన్న ఖమ్మంలో ఒక బట్టల దుకాణంలో లైనింగు గుడ్డ తీసుకుంటున్నాను. దుకాణదారు అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో చర్రున చింపాడు. ఆ చప్పుడు వినగానే నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. పక్కన నిలబడ్డావిడ నన్ను అనుమానంగా చూసి కొంచెం జరిగింది. గుడ్డ చిరిగితే నవ్వెందుకు వస్తుందో ఆవిడకు చెప్పాలంటే మహబూబీ ఆపా గురించి చెప్పాలి. అది నిలబడి చెప్పే సంగతి కాదు.

మాది కల్లూరు. చదువైపోయాక భద్రాచలంలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరుగా చేరి, ఆపా కుట్టు దుకాణం మీది గదిలో కిరాయికి దిగాను. ఆపాకి అప్పటికే యాభై దాటాయి. కళ్లద్దాలు ముక్కు మీదికి జారి ఉండేవి, మెడలో టేపు ఎప్పుడూ వేలాడేది. నా గదికి వెళ్లే మెట్లు ఆవిడ గుమ్మం ముందు నుంచే ఉండేవి కాబట్టి ఆవిడ కంటపడకుండా నేను ఎక్కడికీ వెళ్లలేకపోయేదాన్ని. ఆఫీసు అయ్యాక నేను ట్యాబ్ మీద బొమ్మలు గీసేదాన్ని. మామూలు బొమ్మలు కావు. మనుషులు జంతువులుగా మారుతున్న బొమ్మలు. మారకముందు కాదు, మారాక కాదు, సరిగ్గా సగంలో ఉన్నప్పుడు. హైదరాబాదులో వీడియో గేములు తయారుచేసే ఒక సంస్థకు ఇలాంటివి గీసేవాళ్లు కావాలని తెలిసినప్పటి నుంచీ నాకు వేరే ధ్యాస లేదు.

గీసిన బొమ్మ ఫేస్‌బుక్‌లో పెట్టినప్పుడల్లా కింద రాసేదాన్ని: 'దయచేసి నిర్మొహమాటంగా లోపాలు చెప్పండి. నేర్చుకుంటాను.' ఎవరూ చెప్పేవారు కాదు. 'సూపర్ అక్కా' అనేవారు, నిప్పు గుర్తులు పెట్టేవారు. ఒక స్త్రీ ఎలుగుబంటిగా మారుతున్న బొమ్మ కింద మా బాబాయి గులాబీ పువ్వుతో 'శుభోదయం' అని పెట్టాడు. ఇంకొకాయన 'ఇంట్లో అందరూ బాగున్నారా?' అని అడిగాడు.

ఆ ఎలుగుబంటి బొమ్మే ఒక సాయంత్రం ఆపా కంటపడింది. జాకెట్ కొలతలివ్వడానికి వెళ్లి ట్యాబ్ బల్ల మీద పెట్టాను. ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూసింది.

"గీమె జాకెట్ ఎవరు కుట్టిండ్రు?" అంది.

"ఎవరూ కుట్టలేదు ఆపా. బొమ్మ కదా."

"కుట్టకుంటే ఎట్లొచ్చింది? భుజం గింత ఉబ్బింది, కుట్టు ఇసుమంత జరగలే. గిసొంటి కుట్టు నాకొస్తే ఈ దుకాణంల ఎందుకుంట?"

"అయితే గుడ్డ చిరగాలంటావా?"

"చిరగాలె. కానీ యాడ? గుడ్డ నడుమల చిరగదు బిడ్డా. కుట్టు కాడ తెగుతది. ముందు చంక, ఎనక వీపు. హుక్కులు ఆఖరుకు పోతయ్."

నా మొహంలో అనుమానం కనిపించిందేమో, లేచి చిలక్కొయ్యకున్న పాత జాకెట్ తీసి నా డ్రెస్సు మీదే తొడిగించింది. ఎలుగు లాగా చేతులు ముందుకు చాపి వంగమంది. దుకాణం మధ్యలో నిలబడి వంగాను. చర్రుమంది. చంక దగ్గరే. అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టిన ఒకావిడ మా ఇద్దరినీ చూసి వచ్చినదారినే వెళ్లిపోయింది. ఆపా మాత్రం నేను పరీక్ష పాసైనట్టు సంబరపడింది.

"ఎవరిది ఆపా ఈ జాకెట్?" అన్నాను భయంగా.

"నాదే. జల్దీ విప్పు, కుట్టుకోవాలె."

ఆ రోజు నుంచీ నా బొమ్మలకు ఆ దుకాణమే పరీక్షహాలు. కొలతలకు వచ్చినవాళ్లందరికీ ఆపా ట్యాబ్ చూపించేది. వాళ్లూ మొహమాటపడేవారు కాదు, ఎందుకంటే ఆవిడ ముందే "బాగుందని చెప్పేటోళ్లు ఆమెకు శానమందున్నరు, నువ్వు తప్పు చెప్పు" అని గట్టిగా చెప్పేది. ఒకావిడ పులికి ఆకుపచ్చ రంగు వెయ్యమంది, తన చీరకు సరిపోతుందట. అడవి పక్క ఊరి నుంచి లంగా కుట్టించుకోవడానికి వచ్చిన ముత్తమ్మ అనే ఆవిడ నా ఎలుగుబంటిని చూసి తమ కోయ భాషలో ఆపాతో ఏదో అంది. ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

"ఏమంటోంది ఆపా?"

"కంబలి కప్పిన కుక్క అంటున్నది."

నేను ముడుచుకుపోయాను. ముత్తమ్మ మాత్రం వదల్లేదు. బొమ్మలో పాదం మీద వేలు పెట్టి, ఈసారి తెలుగులో అంది. "ఎలుగు అడుగు మనిషి అడుగు లెక్కనే ఉంటది. ఇప్పపూలు ఏరవోయినప్పుడు చూస్తే మనోళ్లే ఎవలో ముందు పోయిండ్రనుకుంటం. పాదం ఎందుకు మార్చినవ్?"

ఆ పాదం మార్చడానికే రెండు రోజులు పట్టింది నాకు. మళ్లీ మనిషి పాదమే గీశాను. మిగతా ఒళ్లంతా ఒక్కసారిగా నమ్మేటట్టు తయారైంది. మారేవాటితో పాటు మారనవి కూడా గీయాలని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఇంత నేర్చుకున్నదాన్ని, హైదరాబాదు సంస్థకు పంపే బొమ్మ దగ్గరకు వచ్చేసరికి అంతా మరిచిపోయాను. గద్దగా మారుతున్న మనిషి. వెనక మెరుపులు, చుట్టూ మంటలు, నోరు తెరిచి పెడబొబ్బ. కుట్లన్నీ సరైన చోటే తెగాయి. గర్వంగా తీసుకెళ్లి చూపించాను.

ఆపా చూసింది. "వీడెందుకు ఒర్లుతున్నడు?"

"మారుతున్నాడు కదా ఆపా."

"మారితే ఒర్లుతరా?"

నాకు ఒళ్లు మండింది. పదిరోజుల కష్టం. "నీకు బట్టల గురించి తప్ప ఏం తెలుసు ఆపా?" అనేశాను.

ఆవిడ సూదిలో దారం ఎక్కించుకుంటూ "అవ్. బట్టలే తెలుసు" అంది. అంతే.

బొమ్మ అలాగే పంపాను. వారానికి జవాబొచ్చింది. 'పనితనం బాగుంది. కానీ బొమ్మలో మనిషి కనపడలేదు. ఇంకొకటి ఉంటే పంపండి.' ఆ మాట ఆపాకి చెప్పే మొహం నాకు లేదు. మెట్లేమో ఒక్కటే. అందుకని ఫోను చెవికి పెట్టుకుని, లేని మనిషితో మాట్లాడుతూ గుమ్మం దాటేదాన్ని. ఐదో రోజున అలా "ఆఁ, చెప్పండి సార్" అంటుండగా చెవిలోనే ఫోను మోగింది. ఆపా తల ఎత్తలేదు. "మాట్లాడు బిడ్డా, ఇద్దరు సార్లున్నట్టున్నరు" అంది.

సిగ్గుతో అక్కడే ఆగిపోయాను. అప్పుడు దుకాణంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది, ఎనిమిదో తరగతి చదువుతుందేమో. నిరుడు కుట్టించిన స్కూలు డ్రెస్సు బిగుతైపోయిందని తల్లి తీసుకొచ్చింది. తల్లి విసుక్కుంటోంది. ఆ అమ్మాయి తప్పు చేసినట్టు తల దించుకుని, ఒక చేత్తో రెండో మోచేతిని గట్టిగా పట్టుకుంది.

ఆపా డ్రెస్సు తిరగేసి కుట్టు విప్పసాగింది. "నువ్వేం చేయలే బిడ్డా. నువ్వు పెరుగుతున్నవని గుడ్డకు తెల్వలే. నాకు తెలుసు. గందుకే లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలిన, చూడు" అని రెండు వేళ్లు ఆనించి చూపించింది. ఆ అమ్మాయి చూసింది. మోచేతి మీది చెయ్యి మెల్లగా వదులైంది.

నేను మెట్లు ఎక్కి, చెప్పులు కూడా విప్పకుండా గీయడానికి కూర్చున్నాను. ఒక అమ్మాయి. మణికట్టు నుంచి ఈకలు మొలుస్తున్నాయి. మంటల్లేవు, మెరుపుల్లేవు. ఇంట్లోవాళ్లు పిలుస్తున్నారు, ఆమె చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటోంది.

మర్నాడు పొద్దున్నే కిందికి తీసుకెళ్లాను. "ఆ రోజు అలా అన్నాను ఆపా, తప్పయింది" అని మొదలుపెట్టాను. ఆవిడ వినిపించుకోలేదు. ట్యాబ్ లాక్కుని కిటికీ దగ్గరకు వెళ్లింది.

చివరకు "చెయ్యి పొట్టిగున్నది" అంది.

"లేదాపా, చెయ్యి కొలతలు సరిగ్గానే..."

"పిల్ల చెయ్యి కాదు, చొక్కా చెయ్యి. ఇంకింత పొడుగు పెట్టు. దాసుకోనీకి గుడ్డ చాలాలె కదా పిల్లకు."

పొడుగు పెట్టి పంపాను. ఆ బొమ్మకే ఉద్యోగం వచ్చింది. వెళ్లేరోజున ఆపా నా జాకెట్లు నాలుగూ తెచ్చి ఇచ్చింది. అడగకుండానే అన్నీ వదులు చేసింది. "హైదరాబాదుల కూసోని తింటవు" అంది. ఆరునెలల్లో ఆ మాట నిజమైంది.

పోయిన వానాకాలం ఆపా కొత్తగూడెంలో కూతురింట్లో కన్నుమూసింది. నేను వెళ్లేసరికి అన్నీ అయిపోయాయి. తిరిగొస్తూ బస్సులో ఆవిడ మాటలు ఒక్కొక్కటే తలుచుకున్నాను. ఎవరికైనా జాకెట్ తొడిగించి చూసేటప్పుడు ఆపా 'బాగుందా' అని అడగగా నేనెన్నడూ వినలేదు. అలా అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. వెనక నిలబడి, భుజాల మీద చేతులు వేసి, "యాడ గుంజుతున్నది?" అని అడిగేది. ఎంత మొహమాటస్తులైనా ఆ ప్రశ్నకు వేలు పెట్టి చోటు చూపించేవారు.

ఇప్పుడు నేను బొమ్మ పెట్టినప్పుడు లోపాలు చెప్పమని రాయను. 'ఎక్కడ గుంజుతోంది?' అని రాస్తాను. మొన్న పరిచయం లేని ఒకరెవరో 'ఎడమ రెక్క మొదట్లో' అని రెండు ముక్కలు రాశారు. పెద్దది చేసి చూశాను. నిజమే. మధ్యాహ్నమంతా కూర్చుని విప్పి మళ్లీ గీశాను.