వైసు దవడల్లో మార్కుల కాగితం

నిన్న వరంగల్‌లో ఇనుప సామాన్ల దుకాణంలో వస్తువుల్ని కదలకుండా పట్టి ఉంచే కొత్త బెంచి వైసు దవడల మధ్య కాగితం బిగించి లాగాను. జారి చేతికొచ్చింది. కొనలేదు. ఆ గ్రీజు వాసనకు మాత్రం నాయిన వైసు కొన్న రోజు గుర్తొచ్చింది.

పంతొమ్మిది వందల అరవైల్లో మా నాయిన ఇంట్లోనే తాళాలు, స్టవ్వులు బాగుచేసేవాడు. వైసు కొనడానికి నన్ను వెంటబెట్టుకుని నాలుగు దుకాణాలు తిప్పాడు. కాగితం బిగించి లాగితే జారకుండా చిరగాలి, అదీ ఆయన పరీక్ష. కాగితాలేమో నా నోటుబుక్కులోవి. లెక్కల్లో తప్పిన మార్కుల కాగితం ఆ పేజీల మధ్యే ఉంది. మన ఈడు వాళ్లంతా అక్కడే దాచేవాళ్లం, కాదంటారా? ఆయన బుక్కు తెరిచినప్పుడల్లా “ఇంటికి పోదాం నాయినా” అని ఒకటే సతాయించాను.

నాలుగో దుకాణంలో ఆయన చేతికి అదే కాగితం తగిలింది. చూడకుండానే బిగించి లాగాడు. పర్రున చిరిగింది.

“గిదీ పట్టంటే! ఇదే ఇయ్యి సేటూ” అన్నాడు సంబరంగా. తర్వాత చేతిలోని ముక్కపై ఎర్ర సిరా చూశాడు. నేను బావురుమన్నాను.

ఆయన వైసు మర వదులు చేసి, రెండో ముక్క కూడా తీశాడు.

“ఏడ్వకు బిడ్డా. సంతకం వెట్టే జాగ ఏ తునకల ఉన్నది?”