ఎడం పక్క కాసేవాడు

ఆ ఆటని మా నెత్తిన రుద్దింది మా ముదీర్, అంటే మా మేనేజరు. అమెరికాలో చదువుకొచ్చిన మనిషి. కరోనా తగ్గిన తర్వాత రెండో చలికాలంలో, దుబాయ్ జెబెల్ అలీలోని మా గోదాముకి కూడా ఒక ఫుట్‌బాల్ టీమ్ ఉండాల్సిందేనన్నాడు. కాలితో తన్నేది కాదు. కోడిగుడ్డులాంటి బంతిని చేత్తో విసిరే అమెరికా వాళ్ల ఆట. అదీ మీద పడి కొట్టుకోకుండా, నడుముకి రిబ్బన్లు కట్టుకుని ఆడేది. బంతి విసిరేవాడు విసిరేలోపే మనవాళ్లు ఇద్దరు పరిగెత్తుకెళ్లి వాడి రిబ్బన్ పీకాలి. ఆ పరుగునే రష్ అంటారు. రిబ్బన్ ఊడిందా, వాడి పని ఖలాస్.

నేను గోదాములో సరుకు లెక్క చూసేవాణ్ణి. "లెక్కలు నీకే బాగా వచ్చు, మన రష్ ఎలా ఉందో నువ్వే రాసివ్వు" అన్నాడు ముదీర్. నేను పుట్టింది కరీంనగర్ దగ్గర, ఈ రష్ సంగతి నాకేం తెలుసురా నాయనా! అయినా ముదీర్‌ని కాదనగలమా? అట్టకి కాగితం తగిలించుకుని గ్రౌండ్ గీత పక్కన నిలబడ్డాను.

రష్‌కి వెళ్లేవాళ్లలో ఒకరు ప్యాకింగులో చేసే కేరళ పొడుగాయన. రెండో ఆయన మా ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు. కోనసీమ మనిషి, ఊళ్లో పదేళ్లు కబడ్డీ ఆడాడు. ఆయన ఈ టీమ్‌లో చేరింది ఆట మీద మోజుతో కాదు. భార్య అబుదాబి దగ్గర బనియాస్‌లో ఒక ఇంట్లో పని చేస్తుంది. ఆవిడకి సెలవు శనివారం మధ్యాహ్నం ఒక్కటే, మా గోదాముకి ఆదివారం. ఒకే దేశంలో ఉండి ఏడాదిగా ఫోన్లోనే కాపురం. టీమ్‌లో ఉన్నవాళ్లకి శనివారం మధ్యాహ్నం డ్యూటీ ఉండదని ముదీర్ అనగానే అందరికంటే ముందు చెయ్యెత్తింది ఈయనే. ఆవిడ రెండు బస్సులు మారి వచ్చి గ్రౌండ్ పక్కన కూర్చునేది. ఆటయ్యాక ఇద్దరూ ఓ గంట మాట్లాడుకునేవాళ్లు. ఈ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు.

మూడు మ్యాచులయ్యాయి. పొడుగాయన మ్యాచ్‌కి రెండో మూడో రిబ్బన్లు పీకుతున్నాడు. డ్రైవర్ పేరు ఎదురుగా మాత్రం సున్నా, సున్నా, సున్నా. పోనీ పరుగు తక్కువా అంటే అదీ కాదు. అందరికంటే ముందు చేరతాడు, చేతులు చాపి అడ్డంగా నిలబడతాడు, అంతే. పీకడు! చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది. మూడో మ్యాచ్‌లో చేతికందే దూరంలో రిబ్బన్ ఊగుతుంటే వదిలేశాడు. చిర్రెత్తి, అట్టని నేలకేసి కొట్టాను.

సోమవారం చాయ్ టైములో ఆయన్ని పట్టుకున్నాను.

"ఏందన్నా, నీ చేతులకు ఏమైంది? రిబ్బన్ గుంజనీకి ఏం రోగం?"

"ఆయ్, ఎడం పక్క నేను కాసేత్తే ఆడు కుడిపక్కకే పారిపోవాలి కదండీ. అక్కడ మనోడు రడీగా ఉంటాడు. మా ఊళ్లో కబడ్డీలోనూ నేను తోలేవోణ్ణేనండి. పట్టేది వేరేవోళ్లు."

"కథలు చెప్పకు. నీ పేరు మీద ఒక్కటన్న ఉన్నదా? ముదీర్‌కు ఏమని రాసియ్యాలె?"

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "పోనీ ఈ శనోరం మట్టుకు ఉంచండి బాబూ. ఆవిడికి రమ్మని చెప్పేసేను."

"ఆట ఆటనే అన్నా" అన్నాను, పెద్ద మొనగాణ్ణయినట్టు. ఇరవై ఏళ్లుగా నేను చేసే పని అదే కదా, అరలో పెట్టె ఉంటే ఉందనీ, లేకపోతే లేదనీ రాయడం. ఆ లెక్కనే 'ఇతన్ని మార్చాలి' అని రాసిచ్చాను.

ఆ కాగితాన్ని వారమంతా బల్ల మీద పడేసి, సరిగ్గా శనివారం వ్యాన్ ఎక్కబోయే ముందు పేర్లు చదివాడు ముదీర్ మహానుభావుడు. డ్రైవర్ తలొంచుకుని ఫోర్క్‌లిఫ్ట్ దగ్గరికి వెళ్లిపోయాడు.

గ్రౌండ్‌కి వెళ్లేసరికి ఆవిడ ఒళ్లో స్టీలు డబ్బా పెట్టుకుని ఎప్పటి చోటే కూర్చుని ఉంది. ఆయన ఇవాళ రాలేదని చెప్పబోయాను.

"ఆయన ఫోన్ చేసేరండి అన్నయ్యగారూ. అప్పటికే బస్సులో ఉన్నాను. మీ గోదామున్న ఫ్రీ జోన్ లోపలికా, పాస్ లేకుండా రానివ్వరు. దిగిపోయి మాత్రం ఎక్కడికెళ్తాను?"

ఇంతలో ఆట మొదలైంది. ఆయన బదులు లోడింగులో చేసే పంజాబీ కుర్రాడు దున్నపోతులా దూసుకెళ్లాడు. బంతి విసిరేవాడు నింపాదిగా ఎడం పక్కకి తప్పుకుని విసిరాడు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. మన పొడుగాయన కుడిపక్క చేతులు చాపుకుని దిక్కులు చూస్తున్నాడు. ఆ రోజు ఆయనకి ఒక్క రిబ్బనూ దొరకలేదు.

"అటు ఎవరూ కాయట్లేదేంటండీ?" అంది ఆవిడ. "మా ఆయన అటు కాసేవోరు కదా. ఇప్పుడా పొడుగాయన మాత్రం ఏం చేత్తాడండీ, పాపం!"

నాకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. వంటింట్లోంచి వచ్చి మూడు మ్యాచులు చూసిన మనిషికి కనిపించింది, అట్ట పట్టుకుని నిలబడ్డ నాకు కనిపించలేదు! ఆయన చాయ్ గ్లాసు పట్టుకుని అరటిపండు వొలిచినట్టు చెప్పాడు కదా, అప్పుడు నా చెవులు ఏ గంగలో కలిశాయి?

ఆటయ్యాక ముదీర్ వెంటపడ్డాను. తప్పు రాశాను సార్, పాతాయన్నే తీసుకోండి అన్నాను. "అభీ తో సీజన్ షురూ హువా. ఏక్ మహీనా దేఖేంగే. యల్లా, గాడీ మే బైఠో" అన్నాడు. సీజన్ ఇప్పుడే మొదలైందట, ఇంకో నెల చూస్తాడట, పద బండెక్కమంటాడు! మూడు ఆటలకే తీసేసినప్పుడు ఈ ఓపిక ఏమైందో! అయినా ఆయన్ని అని ఏం లాభం, కాగితం రాసింది నేను. నెలంటే నాలుగు శనివారాలు.

ఆవిడ బస్సు వేళయింది. "జంతికలండీ. ఆయనకిచ్చేయండి" అని డబ్బా నా చేతిలో పెట్టి, స్టాప్ వైపు నడిచింది.

గోదాముకొచ్చేసరికి డ్రైవర్ బండి దిగుతున్నాడు. డబ్బా తీసుకున్నాడు, మూత తీయలేదు.

"ఆవిడికి బస్సు దొరికిందాండి?"

"దొరికింది."

డబ్బాని సీటు మీద పెట్టి అడిగాడు, "ఎడం పక్క ఎవరు కాసేరండీ?"

"ఎవ్వలు కాయలే అన్నా" అన్నాను. "కాసేటోణ్ణి నేనే తీసేసిన."