సలోమి గారి కేక

మెదక్‌లో ఏడింటి బస్సెక్కాను. మా చర్చి స్త్రీల సమాజం వార్షికోత్సవానికి సలోమి గారిని పిలిచి రావడం నా వంతు. టీవీలో ఒకే చానెల్ ఉన్న రోజుల్లో తెలుగువాళ్లను తెర మీద వారం వారం కడుపుబ్బ నవ్వించిన మొదటి ఆడమనిషి ఆమె. ప్రతి హాస్యనాటిక చివర్లో మొగుడు చెంప ఛెళ్లుమనిపిస్తే ఆమె ఒక కేక వేసేది. ఆ కేక కోసం మా వీధి వీధంతా పొయ్యి మీది కూర వదిలేసి టీవీ ముందు చేరేది. ఒక్కసారి మా స్టేజీ మీద దాన్ని వేయించాలని మావాళ్ల పంతం.

ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి బస్సు కిటకిటలాడుతోంది. ఎవరింటికి పోతున్నానో పక్కసీటావిడకు చెప్పాను.

"గామెనా? ఇంకా ఉన్నదా!" అని నోటి మీద చెయ్యేసుకుంది. నాకు ఒళ్లు మండింది.

జూబ్లీ బస్టాండులో దిగి, మెట్రో ఎక్కి, మధ్యలో ఒకసారి మారి నాంపల్లి చేరేసరికి పది దాటింది. స్టేషన్ ఎదుట ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. అక్కణ్నుంచి అబిడ్స్‌కు నడిచాను. వెళ్లేవాళ్లకు ఒక మాట: దూరం తక్కువే గాని, రోడ్డు దాటడానికి గుండెధైర్యం కావాలి. పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, చెప్పుల దుకాణం పైన ఆమె ఇల్లు.

"వందనాలమ్మా" అన్నాను.

"వందనాలు బిడ్డా. గిటు కుడిదిక్కు కూసో. ఎడమ చెవు పనిచెయ్యది."

పెద్దవయసు కదా అనుకున్నాను. టమాటా పప్పుతో అన్నం పెట్టింది. తింటుంటే ఆమే ఎత్తుకుంది.

"కేక వెయ్యమననీకె వచ్చినవ్ గదా? అందరు గందుకే వస్తరు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"అప్పట్ల నాటకం మొదలువెడ్తే ఆఖరి దాకా ఒక్క బిగినే రికార్డింగ్. నడుమ ఆపితే మల్ల మొదటికెల్లి చెయ్యాలె. దెబ్బ సప్పుడు గూడ అసలుదే రావాలె. ఒకనాడు మొగుడు వేషమాయన చెయ్యి జారి చెవు మీద పడ్డది. లోపల ఏదో పగిలింది. నొప్పికి కేక వెట్టిన. యాక్టింగ్ అనుకొని కెమెరా ఆయన పడి పడి నవ్విండు. నేను ఆపలే. డైలాగులన్ని చెప్పి, అయినంక దవాఖానకు పోయిన."

నేను ముద్ద కంచంలో పెట్టేశాను.

"జనానికి గా కేకే నచ్చింది. ప్రతి వారం గదే కావాలన్నరు. గా నొప్పి కేకనే మల్ల మల్ల వేసి నన్ను నేనే ఎక్కిరించుకున్న బిడ్డా."

"గట్లెందుకు ఒప్పుకున్నరమ్మా?" ఆమె కుడి చెవి వైపు వంగి అడిగాను.

"టీవీల నవ్వించే ఆడది అప్పుడు నేనొక్కదాన్నే. నేను పోతే ఇంకో పిల్లను రానియ్యరని ఫికర్. ఇప్పుడు ఎంతమంది పిల్లలు నవ్విస్తున్నరో చూడు, నాకు మస్తు సంబురం. గాని చెవు నాదే గదా!"

మా ఇంట్లో పసిపిల్లలకు మాటలతో పాటు ఆ కేక నేర్పాం. "కేక వద్దమ్మా. ఊకె వచ్చి దీవించి పోండ్రి" అన్నాను.

"ఏందే వద్దనేది? వేస్త. గాని ముందుగాల ఇదంత చెప్పి వేస్త. గప్పుడు ఎంతమంది నవ్వుతరో నాకు చూడాలని ఉన్నది."

తిరుగు బస్సులో కిటికీ పక్కనే సీటు దొరికినా ఒక్క ఊరూ కంటికి ఆనలేదు. ఇన్నేళ్లూ ఒక మనిషి నొప్పికి మనమంతా నవ్వామా అన్న మాటే లోపల తిరుగుతోంది. నర్సాపూర్ అడవి దాటుతుంటే సమాజం కార్యదర్శి కరుణక్క ఫోన్ చేసింది.

"ఒప్పుకున్నదా? కేక గిట్లనే వేస్తది గదా?" అంటూ తనే కేక వేసింది. అచ్చం అలాగే.

నాకు ఫక్కున నవ్వొచ్చింది. అంతా విని, ఆమె చేతి అన్నం తిని వస్తున్న నాకు! అదిరిపడి నోరు నొక్కుకున్నాను.

"ఏమైందే? మాట్లాడవేంది?" అంటోంది అవతల కరుణక్క.

"వస్తదక్కా" అన్నాను. "గాని ఇంకోసారి గా కేక వెయ్యకు."